పసుపు లైటు పోయింది సరే, తెల్ల లైటే ఎందుకొచ్చింది?

విజయనగరంలో గానీ శ్రీకాకుళంలో గానీ వీధి దీపాల మాటెత్తితే చాలు, జనం రెండు జట్లవుతారు. పాత పసుపు సోడియం లైట్లు తీసేసి ఎల్‌ఈడీలు బిగించడం మంచిపనేనని, రోడ్డు మీద గొయ్యి ఏదో గేదె ఏదో ఇప్పుడే తెలుస్తోందని ఒక జట్టు. "ఏటి బాబూ, కళ్లల్లో సూదులు గుచ్చీసినట్టుంటాది" అని అరుగు మీద కూర్చునే పెద్దాళ్ల జట్టు. ఇద్దరి మాటా నిజమే, ఎందుకంటే ఇద్దరూ మాట్లాడేది ఒకే సంగతి కాదు. దీపం లోపల వెలిగే పరికరం ఏమిటన్నది ఒక ప్రశ్న. ఆ వెలుగు ఏ రంగన్నది రెండోది. అది ఎటు పడుతోంది, ఎంతసేపు వెలుగుతోంది, పాడైతే ఎవరు చూస్తారన్నది మూడోది. ఈ మూడూ కలగాపులగం అయిపోబట్టే వాదన ఎంతకీ తెగదు. కరెంటు ఆదాకూ తెల్ల రంగుకూ పెద్ద సంబంధం లేదు. ఎల్‌ఈడీ అంటే తెల్లగానే ఉండాలని ఎక్కడా లేదు. టెండరు కాగితంలో ఎవరో ఒక అంకె వేశారు, మన వీధిలో అది వెలుగుతోంది, అంతే.

ముందు ఆ పసుపు లైటు పట్ల మనకున్న మమకారం సంగతి చూద్దాం. అదేదో తాతల నాటిదన్నట్టు మాట్లాడుకుంటాం గానీ, అది మరీ అంత పాతదేం కాదు. విజయనగరంలో పైడితల్లమ్మ చదురుగుడి దగ్గరి కూడలిని ఇప్పటికీ మూడు లాంతర్లు అనే పిలుస్తారు. ఆ పేరుకు మూలమైన స్తంభాన్ని 2020 మే నెలలో కూల్చినప్పుడు ఊళ్లో పెద్ద రగడే అయింది. లాంతర్ల కాలం పోయాక మామూలు బల్బులు వచ్చాయి. తరవాత ట్యూబ్‌లైట్లు, కాస్త నీలం కలిసిన తెల్ల వెలుగునిచ్చే మెర్క్యురీ దీపాలు. సోడియం వీటన్నిటి తరవాతది, అదీ ఎక్కువగా పెద్ద రోడ్లకే. చాలా సందులకు, పల్లెలకు ట్యూబ్‌లైటే గతి. మనవాళ్ల రాత్రులు తెల్లగా ఉండి, కొన్నేళ్లు పెద్ద రోడ్ల మేరకు పసుపెక్కి, మళ్లీ తెల్లబడ్డాయి.

ఆ సోడియం దీపం మాత్రం ఎన్నదగిన వస్తువే. లోపల సన్నటి తెల్ల గొట్టం ఒకటి ఉంటుంది. అది గాజు కాదు, అల్యూమినియం ఆక్సైడుతో చేసిన పింగాణీ జాతి గొట్టం. బాగా వేడెక్కిన సోడియం ఆవిరి మామూలు గాజును తినేస్తుంది కాబట్టి, దాన్ని తట్టుకునే గొట్టం చేయడం చేతనయ్యాకే, 1960లలో ఈ దీపం బజారుకొచ్చింది. సాయంత్రం ఫ్యూజు పెట్టగానే ఇగ్నైటర్ కొన్ని వేల వోల్టుల దెబ్బ కొడుతుంది. మొదట గులాబీ కలిసిన నీలపు మసక, ఆ తరవాత ముద్దగా పసుపు, అయిదు నిమిషాలు పోయాక నిండు వెలుగు. మధ్యలో కరెంటు పోయి వస్తే వెంటనే వెలగదు, లోపలి గొట్టం చల్లారాలి. వెలిగి, కాసేపటికి ఆరి, చల్లారాక మళ్లీ వెలిగి రాత్రంతా దోబూచులాడే దీపాలు మన ఊళ్లలో ఎన్నో ఉండేవి. లూజు కాంటాక్టనుకుని కుర్రాళ్లు స్తంభాన్ని తన్నేవారు. నిజానికి అది దీపానికి ముసలితనం. వాడగా వాడగా ఆ గొట్టానికి కావలసిన వోల్టేజీ పెరుగుతూ పోయి, చోక్ ఇవ్వగలిగినదాన్ని దాటేస్తుంది. తంతే తగ్గే జబ్బు కాదు.

ఆదా ఎక్కడి నుంచి వచ్చింది

ఎల్‌ఈడీ సగం కరెంటుతో అంతే వెలుగిస్తుందని అందరూ చెప్పే మాట. లెక్క వేసి చూస్తే కథ కొంచెం వేరుగా ఉంటుంది.

250 వాట్ల సోడియం దీపం సుమారు 27 వేల ల్యూమెన్ల వెలుగునిస్తుంది (ల్యూమెన్ అంటే వెలుగును కొలిచే ప్రమాణం). చోక్ తినేది కూడా కలిపితే 275, 280 వాట్ల దాకా లాగుతుంది. అంటే వాటుకు దగ్గరదగ్గర 100 ల్యూమెన్లు. 2015 ప్రాంతంలో మన దేశంలో బిగించిన ఎల్‌ఈడీ వీధి దీపాలు కూడా అటూ ఇటుగా అంతే ఇచ్చేవి. మరి 250 వాట్ల స్థానంలో 120 వాట్లది పెట్టి సరిపెట్టడం ఎలా కుదిరింది? గురి వల్ల. సోడియం గొట్టం నాలుగు వైపులకూ వెలుగు చిమ్ముతుంది. వెనకాల రేకు అందులో కొంత కిందికి తిప్పుతుంది, కొంత తానే మింగుతుంది, మిగిలినది ఆకాశానికీ ఎదురింటి మేడకూ చింతచెట్టుకూ పోతుంది. ఎల్‌ఈడీ చిప్పు పుట్టుకతోనే ఒక వైపుకే చూస్తుంది, ముందున్న చిన్న కటకం ఆ వెలుగును రోడ్డు పొడవునా పరుస్తుంది. మొత్తం వెలుగు సగమైనా రోడ్డు మీద పడేది పెద్దగా తగ్గదు. ఇప్పుడొచ్చే దీపాలు వాటుకు 130, 150 ల్యూమెన్ల దాకా ఇస్తున్నాయి గానీ, మొదటి విడత ఆదాలో ఎక్కువ భాగం గురి పుణ్యమే.

ఇళ్ల ముందర అరుగులు చీకటి పడిపోయాయన్న ఫిర్యాదు కూడా ఇక్కడే పుట్టింది. మునుపు చెదిరి పడే ఆ వృథా వెలుగులోనే పిల్లలు వీధి గుమ్మంలో ఆడుకునేవారు, ఆడవాళ్లు పెరటి గోడ దగ్గర గిన్నెలు తోముకునేవారు. ఇంజనీరు లెక్కలో అది నష్టం. వీధిలో ఉండేవాళ్ల లెక్కలో అది ఉచితంగా వచ్చిన దీపం. ఇద్దరిలో ఎవరినీ తప్పుపట్టలేం గానీ, రోడ్డొక్కటే కొలిచి వీధినంతా వెలిగించామనడం మాత్రం సరికాదు.

డబ్బుల్లో చూస్తే ఆదా చిన్నది కాదు. వీధి దీపం ఏడాదికి సుమారు 4,380 గంటలు వెలుగుతుంది, అంటే రాత్రికి 12 గంటలు. ఒక్కో దీపానికి 160 వాట్లు తగ్గితే ఏడాదికి 700 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలనుకుంటే దాదాపు 4,900 రూపాయలు. ఇలాంటివి వంద ఉన్న చిన్న మున్సిపాలిటీకి కూడా ఏటా 5 లక్షలకు కాస్త తక్కువ. అందుకే ఈ మార్పు ఇంత వేగంగా జరిగింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటి మన మూడు జిల్లాల్లో స్తంభాలను పుల్లల్లా విరిచేసింది. ఆ తరవాత కొద్ది నెలల్లోనే కేంద్ర ప్రభుత్వ రంగంలోని ఈఈఎస్‌ఎల్ ఒక్క విశాఖ నగరంలో 90 వేలకు పైగా వీధి దీపాలను ఎల్‌ఈడీలుగా మార్చింది. 2015 జనవరి 5న జాతీయ వీధి దీపాల పథకం మొదలైంది, దేశమంతటా 1.34 కోట్ల దీపాలు మార్చాలన్నది లక్ష్యం. ఇళ్లకు చౌకగా ఎల్‌ఈడీ బల్బులిచ్చిన ఉజాలా పథకం ప్రారంభమైందీ అదే రోజు. రాష్ట్రంలో పల్లెలకు పల్లె వెలుగు పేరుతో వచ్చాయి. ప్రభుత్వం మారినప్పుడల్లా ఆ పేరు ముందర తగిలించిన మాట మారింది గానీ దీపం మారలేదు.

ఈఈఎస్‌ఎల్ పద్ధతి ఏమిటంటే, పురపాలక సంఘం ముందుగా డబ్బు పెట్టనక్కర్లేదు. సంస్థే పెట్టుబడి పెట్టి, బిగించి, ఏడేళ్లు నిర్వహిస్తుంది. తగ్గిన బిల్లులోంచి ఆ బాకీ విడతలుగా తీరుతుంది. తెలివైన ఏర్పాటే. కానీ ఇందులో అందరి చూపూ యూనిట్ల మీదే ఉంటుంది. వెలుగు ఎలా ఉందన్న దానికి ఏ విడతలోనూ ఖరీదు లేదు.

రంగు వేరు, దీపం వేరు

తెల్ల ఎల్‌ఈడీ నిజానికి నీలం దీపం. నీలం వెలుగునిచ్చే చిప్పు మీద పసుపు పొడి పూత పూస్తారు. నీలంలో కొంత ఆ పొడిని తాకి పసుపుగా మారుతుంది, మిగిలిన నీలంతో కలిసి మన కంటికి తెల్లగా కనిపిస్తుంది. ఆ నీలం చిప్పు సాధించినందుకే అకసాకి, అమానో, నకమురా అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. పొడి పలచగా ఉంటే వెలుగు నీలం వైపు, దట్టంగా ఉండి కాస్త ఎర్రపొడి కూడా కలిస్తే పసుపు వైపు. చిప్పు అదే, దానికి కరెంటు సరిచేసి ఇచ్చే డ్రైవర్ అదే, స్తంభం అదే. తేడా పూతలో ఉంది.

ఈ తేడాను కెల్విన్లలో చెబుతారు. అంకె పెరిగే కొద్దీ వెలుగు నీలం వైపు జరుగుతుంది. కొవ్వొత్తి 1,900 దగ్గర, సోడియం దీపం 2,000, 2,100 దగ్గర, పాత ఫిలమెంటు బల్బు 2,700. మన వీధుల్లో ఎక్కువగా కనిపించే చల్ల తెలుపు 5,700 నుంచి 6,500, అంటే మిట్టమధ్యాహ్నపు ఎండ రంగు. అర్ధరాత్రి సందులో మిట్టమధ్యాహ్నపు ఎండ దేనికన్నది ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే జవాబు ఒకటుంది: ఆ రోజుల్లో అదే కరెంటుకు చల్ల తెలుపు కాస్త ఎక్కువ ల్యూమెన్లు ఇచ్చేది, టెండర్లు చూసేది వాటుకు ఎన్ని ల్యూమెన్లన్నదే. ఇప్పుడు 3,000 కెల్విన్ల వెచ్చటి ఎల్‌ఈడీ ఎంచుకుంటే పోయేది 5 నుంచి 10 శాతం. సగానికి సగం ఆదా అయిన చోట ఇదొక లెక్కా?

రెండో జవాబు ఎవరూ పైకి చెప్పరు గానీ, మనకు తెలుపంటే ఇష్టం. ఇంట్లో ట్యూబ్‌లైటు వెలుగులో చదువుకున్నవాళ్లం. పసుపు వెలుగంటే ఓల్టేజీ లేదనుకుంటాం. తెల్ల లైటు వెలిగితే పని జరిగినట్టు కనిపిస్తుంది, నాయకుడికీ ఓటరుకీ ఇద్దరికీ.

తెలుపు వైపు వాదించేవాళ్లకు గట్టి ఆధారం రంగులు. సోడియం కింద నిజంగానే రంగులు చచ్చిపోయేవి. సాయంత్రం సంతలో తోపుడు బండి మీద వంకాయ నల్లగా, తోటకూర బూడిదగా, ఎర్ర చీర మట్టి రంగులో కనిపించేవి. చేప మొప్పలు ఎర్రగా ఉన్నాయో పాలిపోయాయో తెలియక కొనేవాళ్లు అనుమానపడతారని, అమ్మేవాళ్లు పక్కింటి నుంచి వైరు లాగి నెత్తి మీద మామూలు బల్బొకటి వేలాడదీసుకునేవారు. రంగులు ఎంత సరిగ్గా కనిపిస్తాయన్నదానికి నూటికి మార్కులు వేసే కొలత ఉంది. సోడియానికి వచ్చేవి 20, 25. వీధి ఎల్‌ఈడీకి 70, ఆ పైన. సీసీ కెమెరాలో పారిపోయే బండి రంగు తేలడానికి ఇదే కారణం. అయితే 3,000 కెల్విన్ల ఎల్‌ఈడీకి కూడా ఆ 70, 80 మార్కులు వస్తాయి. వంకాయ వంకాయలా కనిపించడానికి చల్ల తెలుపే అక్కర్లేదు.

ఇక కళ్లలో గుచ్చుకోవడం. సోడియం దీపంలో వెలుగు చుట్టూ ఉన్న రేకంతా, మందపాటి గాజంతా పరుచుకుని వచ్చేది. ఎల్‌ఈడీలో అదే వెలుగు మినపగింజంత చిప్పుల్లోంచి వస్తుంది. దీపాన్ని నేలకు సమాంతరంగా బిగించి, పక్కలకు పోయే వెలుగును అడ్డుకుంటే ఇబ్బంది ఉండదు. పాత స్తంభం చేయి పైకి వంగి ఉంటే, ఆ వంపులోనే కొత్త దీపం దూర్చి బోల్టు బిగిస్తే, ఎదురుగా వచ్చే సైకిలు మనిషి కంట్లోకి సూటిగా కొడుతుంది. పెద్దవాళ్లకు ఇంకా కష్టం. వయసుతో కంటి లోపలి కటకం మసకబారుతుంది, శుక్లం మొదలయ్యాక వెలుగు లోపలే చెదిరి ముందున్నది కనపడదు. అరుగు మీద పెద్దాళ్ల మాటను ముసలి చాదస్తమని కొట్టిపారేసేవాళ్లు, అరవై దాటిన కంటితో ఒకసారి ఆ దీపం కింద నడిచి చూడాలి.

నిద్ర సంగతికి వస్తే, ఇక్కడ అటూ ఇటూ అతి ఉంది. మన కంట్లో చూపుతో పని లేని కణాలు కొన్ని ఉన్నాయి. అవి 480 నానోమీటర్ల (వెలుగు తరంగం పొడవును కొలిచే ప్రమాణం, అంకె తగ్గే కొద్దీ నీలం వైపు) నీలం వెలుగుకు ఎక్కువగా స్పందించి, ఇంకా పగలే ఉందని మెదడుకు చెబుతాయి. నిద్ర తెప్పించే మెలటోనిన్ అప్పుడు తగ్గుతుంది. ఈ కారణం వల్లే అమెరికా వైద్యుల సంఘం 2016 జూన్‌లో వీధి దీపాలు 3,000 కెల్విన్లు దాటకపోతే మంచిదని సలహా ఇచ్చింది. ఫ్రాన్స్ 2018 చివర్లో అదే అంకెను పరిమితిగా ప్రభుత్వ ఉత్తర్వులో పెట్టింది. అయినా తలుపు వేసుకుని పడుకున్న మనిషి మీద కిటికీ సందులోంచి పడే వీధి వెలుగు కంటే, పడుకునే ముందు చేతిలో పట్టుకున్న ఫోనే ఎక్కువ. వాట్సాప్‌లో తిరిగే క్యాన్సర్ సందేశాలను పక్కన పెట్టొచ్చు. కానీ విదేశీ లెక్కల్లో లేనిది మన దగ్గర ఒకటుంది. మే నెలలో ఉక్క పట్టలేక మేడ మీద, వీధి అరుగు మీద, నులక మంచం మీద పడుకునేవాళ్లు మన జిల్లాల్లో ఇప్పటికీ బోలెడు మంది. వాళ్లకు కిటికీ లేదు, తెర లేదు. మేడ ఎత్తున స్తంభం ఉంటే దీపం మొహానికి ఎదురుగానే ఉంటుంది.

పొగమంచును పసుపు లైటు చీల్చుకుపోతుందన్న నమ్మకం కూడా మనలో గట్టిగా ఉంది. సాలూరు, పార్వతీపురం రోడ్డులో డిసెంబరు తెల్లవారుజామున బండి నడిపేవాళ్లెవరినడిగినా ఇదే చెబుతారు. మంచు బిందువులు వెలుగు తరంగం కంటే చాలా పెద్దవి, వాటికి నీలం పసుపు అన్న తేడా పెద్దగా ఉండదు, అన్నిటినీ ఒకేలా చెదరగొడతాయి. మంచులో ఇబ్బంది పెట్టేది రంగు కంటే వెలుగు మన కంటివైపు తిరిగి రావడం. గురి సరిగ్గా లేని తెల్ల దీపం అక్కడ దొరికిపోతుంది, గురి సరిగ్గా లేని పసుపు దీపం కూడా అంతే.

మంచు లేని శుభ్రమైన ఆకాశంలో మాత్రం రంగుకు నిజంగానే విలువుంది. గాలి కణాలు చాలా చిన్నవి కాబట్టి నీలాన్ని ఎక్కువగా చెదరగొడతాయి, పగలు ఆకాశం నీలంగా ఉండేది అందుకే. 450 నానోమీటర్ల నీలం వెలుగు 590 దగ్గరి సోడియం వెలుగు కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువగా చెదురుతుంది. 2023లో వెలువడ్డ ఒక పెద్ద పరిశోధన, ప్రపంచమంతటా మామూలు జనం నక్షత్రాలు లెక్కపెట్టి పంపిన వివరాలతో, 2011 నుంచి 2022 వరకూ రాత్రి ఆకాశం వెలుతురు ఏడాదికి సగటున 9.6 శాతం పెరిగిందని తేల్చింది. ఉపగ్రహాల లెక్క ఇంత చెప్పలేదు. కారణం తమాషాగా ఉంటుంది: రాత్రి వెలుగులు కొలిచే ఆ ఉపగ్రహ పరికరానికి 500 నానోమీటర్లకు లోపలి నీలం కనపడదు. పసుపు తీసి తెలుపు పెడితే పైనుంచి చూసేవాడికి ఊరు చీకటి పడినట్టుంటుంది, కింద ఉన్నవాడికి సప్తర్షులు మాయమవుతారు.

తీరం వెంబడి

ఈ రంగుల గొడవకు మనిషి కంటే ఎక్కువ మూల్యం చెల్లించేది తాబేలు పిల్ల. రాష్ట్రంలో పొడవైన తీరాల్లో శ్రీకాకుళం జిల్లాది ఒకటి. కళింగపట్నం నుంచి బారువ మీదుగా ఇచ్ఛాపురం వైపు పోయే ఆ ఇసుకలో ఏటా శీతాకాలం చివర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. సరిహద్దు దాటితే గంజాం జిల్లాలో రుషికుల్య ముఖద్వారం దగ్గర మంచి ఏడాదిలో అవే లక్షల సంఖ్యలో వస్తాయి. మన దగ్గర అటవీ శాఖ, స్వచ్ఛంద కార్యకర్తలు గుడ్లు ఏరి కంచె వేసిన ఇసుకలో పాతిపెట్టి, నెలన్నర, రెండు నెలలకు పిల్లలు బయటపడ్డాక సముద్రంలో వదులుతారు. కంటపడని గూళ్లూ ఉంటాయి.

పిల్లలు ఇసుకలోంచి బయటపడేది ఎక్కువగా రాత్రివేళ, అన్నీ ఒక్కసారిగా. అగ్గిపెట్టెంత ప్రాణం. దానికి దారి చూపేవాళ్లు లేరు, దానికి తెలిసిందల్లా దిగంతంలో కిందుగా ఎటు వెలుతురుగా ఉంటే అటు పోవడం. లక్షల ఏళ్లుగా అటు సముద్రమే ఉండేది. చుక్కల వెలుగు నీటి మీద మెరుస్తుంది, ఒడ్డు వైపు సరుగుడు తోపులు నల్లగా ఉంటాయి. ఇప్పుడు ఒడ్డు వైపే తెల్లటి దీపం ఉంటే పిల్లలు వెనక్కి తిరుగుతాయి. పొద్దున్నకల్లా కుక్కలకో, కాకులకో, పీతలకో, ఎండకో బలి. వీటిని ఎక్కువగా లాగేది నీలం, ఆకుపచ్చ వైపు వెలుగు. అమెరికాలోని ఫ్లోరిడా తీరంలో తాబేళ్ల ఒడ్డున దీపం వెలుగు 560 నానోమీటర్లకు పైన, అంటే అంబరు (నారింజ కలిసిన పసుపు) లేదా ఎరుపు రంగులో ఉండాలని నియమం పెట్టారు.

సోడియం పసుపు 589 దగ్గర ఉంటుంది. కాబట్టి పాత దీపం, ఎవరూ ఉద్దేశించకుండానే, తాబేలుకు కొంత మేలు చేసింది. అలాగని సోడియం వెనక్కి తేనక్కర్లేదు. అంబరు రంగు ఎల్‌ఈడీలు బజారులో ఉన్నాయి. వాటుకు ల్యూమెన్లు తగ్గుతాయి నిజమే, కానీ ఒక మత్స్యకార గ్రామానికి సముద్రం వైపున్న దీపాలు ఎన్ని ఉంటాయి? వాటిని అంబరులోకి మార్చి, ఒడ్డు వైపు ఒక రేకు అడ్డం పెట్టి, జనవరి నుంచి మే దాకా అర్ధరాత్రి తరవాత తగ్గించుకోవచ్చు. అయితే వేటకు వెళ్లేవాళ్లు తెల్లవారుజామున మూడింటికే వలలు సర్దుకుంటారు. వాళ్లను అడగకుండా, తాబేలు పేరు చెప్పి దీపాలార్పేస్తే మరుసటి వారమే ఎవరో ఒకరు ఫ్లడ్‌లైటు బిగిస్తారు.

పురుగుల విషయంలో మన అనుభవం ఒకటి, పరిశోధన ఒకటి చెబుతున్నాయి. వానాకాలం ఉసిళ్లు ట్యూబ్‌లైటుకు ముసిరినంతగా ఎల్‌ఈడీకి ముసరవు. ట్యూబ్‌లైటులో, మెర్క్యురీ దీపంలో ఉండే కొద్దిపాటి అతినీలలోహిత కాంతి ఎల్‌ఈడీలో దాదాపు ఉండదు. కానీ ఇంగ్లండులో 2021లో జరిగిన ఒక అధ్యయనంలో, దీపాలున్న రోడ్ల పక్క పొదల్లో గొంగళిపురుగులు చీకటి పొదల్లో కంటే 47 శాతం తక్కువగా ఉన్నాయి, తెల్ల ఎల్‌ఈడీల కింద నష్టం సోడియం కింద కంటే ఎక్కువగా కనిపించింది. ముసరకపోయినంత మాత్రాన హాని లేదని కాదు. అలాగే పసుపు వెలుగూ అమాయకమైనది కాదు. పగటి పొడవును బట్టి పూతకొచ్చే వరి రకాలు రోడ్డు దీపం పక్కన, దాని రంగు ఏదైనా సరే, ఆలస్యంగా ఈనుతాయి.

వెలుగుంటే భద్రత అన్నది అందరూ ఒప్పుకున్నట్టే ఉంటుంది గానీ ఆధారాలు అంత సూటిగా లేవు. ఇంగ్లండు, వేల్సుల్లో 62 స్థానిక సంస్థల పరిధిలో దీపాలు తగ్గించిన, ఆర్పిన, తెల్ల వెలుగుకు మార్చిన చోట్ల ప్రమాదాలు గానీ నేరాలు గానీ పెరిగిన దాఖలా లేదని 2015లో ఒక అధ్యయనం చెప్పింది. న్యూయార్కులో ప్రభుత్వ గృహ సముదాయాల్లో పెద్ద దీపాలు పెడితే రాత్రివేళ ఆరుబయట జరిగే నేరాలు కనీసం 36 శాతం తగ్గాయని మరో అధ్యయనం చెప్పింది. రెండూ మనకు నేరుగా వర్తించవు. మన రోడ్డుకు కాలిబాట ఉండదు, మధ్యలో ఆవు పడుకుని ఉంటుంది, ట్రాక్టరుకు వెనక లైటుండదు. పదో తరగతి ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్లకు వీధి మలుపులో దీపం ఉండి తీరాలి, అందులో వాదన లేదు. ఆ దీపం నేలను చూపించాలి, కళ్లను కాదు.

స్తంభం మీద జరిగేది

కాగితం మీద 50 వేల గంటలు మన్నే దీపం నిజంగా ఎన్నాళ్లు వెలుగుతుందన్నది చిప్పు మీద ఆధారపడదు. రాత్రికి 12 గంటల చొప్పున ఆ లెక్క 11 ఏళ్ల పైమాట. చిప్పు ఆ మాట చాలావరకు నిలబెట్టుకుంటుంది. చచ్చేది డ్రైవర్. దీపం వెనక డబ్బాలో ఉండే ఆ చిన్న సర్క్యూటు స్తంభం మీది కరెంటును చిప్పుకు సరిపడేలా మారుస్తుంది. ఎండాకాలం వేడికి దానిలోని కెపాసిటర్లు ఎండిపోతాయి. పిడుగు పడినప్పుడు లైనులో వచ్చే పోటును తట్టుకునే రక్షణ పరికరం లేకపోతే వీధి వీధంతా ఒకేసారి ఆరిపోతుంది. తీరంలో అయితే ఉప్పుగాలి బోల్టులను, బిగింపులను తినేస్తుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానంలో జీడి, కొబ్బరితో పాటు కరెంటు స్తంభాలూ నేలకూలాయి. ఆ గాలికి సోడియమూ ఎల్‌ఈడీ అన్న తేడా లేదు.

తేడా మరమ్మతులో ఉంది. సోడియం పోతే ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా బల్బు దొరికేది, ఏ కంపెనీదైనా అదే హోల్డరులో పట్టేది. చోక్ పోయిందో ఇగ్నైటర్ పోయిందో లైన్‌మాన్ మార్చి మార్చి చూసి తేల్చేవాడు. ఎల్‌ఈడీలో ఒక కంపెనీ డ్రైవర్ ఇంకో కంపెనీ డబ్బాలో సాధారణంగా పట్టదు. కాంట్రాక్టు గడువు ఉన్నంత కాలం ఫోన్ చేస్తే ఎవరో వస్తారు. గడువు ముగిశాక ఆ దీపం పంచాయతీదా, సంస్థదా, కరెంటు కంపెనీదా అన్నది తేలేలోపు రెండు అమావాస్యలు గడుస్తాయి. మా వైపు ఒక ఊళ్లో ఆరిన దీపాలకు ఊరివాళ్లే చందాలు వేసుకుని, ఇంటి బయట పెట్టుకునే చౌక ఫ్లడ్‌లైట్లు స్తంభాలకు తీగతో కట్టేశారు. మొదటి దీపం కంటే అవి మూడు రెట్లు గుచ్చుకుంటాయి.

అసలు లెక్కంతా తలకిందులు చేసే చిన్న విషయం ఇంకొకటుంది, బయటి వ్యాసాల్లో ఇది కనిపించదు. వీధి దీపాలకు విడిగా ఒక తీగ ఉంటేనే వాటిని సాయంత్రం వేసి పొద్దున ఆర్పగలం. పల్లెల్లో దీన్ని థర్డ్ వైరు అంటారు. అది లేని చోట దీపాన్ని ఇళ్లకు వెళ్లే ఫేజుకే తగిలిస్తారు, పగలూ రాత్రీ వెలుగుతూనే ఉంటుంది. ఇప్పుడు లెక్క చూడండి. పాత ట్యూబ్‌లైటు చోక్‌తో కలిపి 50 వాట్లు, 12 గంటలకు 600 వాట్ అవర్లు. కొత్త ఎల్‌ఈడీ 20 వాట్లు, 24 గంటలకు 480. అరవై శాతం ఆదా అనుకున్నది ఇరవై శాతానికి పడిపోయింది. పైగా 11 ఏళ్లు రావాల్సిన 50 వేల గంటలు ఆరేళ్లు నిండకుండానే అయిపోతాయి. దీపం మార్చడానికి పెట్టిన డబ్బులో కొంత ఆ తీగకు, ఒక టైమరుకు పెట్టిన ఊరు నిజంగా బాగుపడింది. మిట్టమధ్యాహ్నం వెలిగే దీపాలను చూసి నవ్వుకోవడం అలవాటైంది గానీ, ఆ బిల్లు కట్టేది మనమే.

ఈ మాటలన్నీ ఇప్పుడెందుకంటే, 2015 తరవాత బిగించిన మొదటి విడత దీపాలకు ఇప్పుడు వయసు మీరుతోంది. మళ్లీ టెండర్లు పిలవక తప్పదు. పాత కాగితాన్ని నకలు తీసి తేదీ మార్చి పంపేస్తే ఇంకో పదేళ్లు అదే 5,700 కెల్విన్ల చల్ల తెలుపు. ఎల్‌ఈడీ దీపంలో పొడి మార్చలేం, బిగించాక రంగు మార్చాలంటే దీపాన్నే మార్చాలి. అమెరికాలో డేవిస్ అనే చిన్న పట్నం 2014లో చల్ల తెలుపు బిగించి, జనం గోలపెడితే ఇళ్ల మధ్య దీపాలన్నీ విప్పి వెచ్చటివి పెట్టుకుంది, సొంత ఖర్చుతో. రాజాం, బొబ్బిలి, పలాస లాంటి ఊళ్లకు ఆ స్తోమత ఉండదు. వీధుల్లో 3,000 కెల్విన్లు, సముద్రం వైపు అంబరు, పైకి ఒక్క ల్యూమెన్ కూడా పోని బిగింపు, రాత్రి పదకొండు తరవాత సగానికి తగ్గే డ్రైవర్, విడిగా మార్చుకోగలిగే డ్రైవర్, థర్డ్ వైరు. ఇవన్నీ టెండరు షరతుల్లో పట్టేవే, వీటిలో ఏ ఒక్కటీ కరెంటు ఆదాను చెప్పుకోదగినంతగా తగ్గించదు.

మీ వీధి దీపం ఎన్ని కెల్విన్లదో, నిర్వహణ గడువు ఎప్పటిదాకా ఉందో, కొత్త టెండరు షరతులేమిటో సమాచార హక్కు కింద అడగొచ్చు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఆ దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10.